పూటకూటి ఇంటి నుంచి ఫుల్ మీల్స్ దాకా

తెలుగునాట వెల ఇచ్చి అన్నం తినే చోటును కళ్ళకు కట్టినట్టు చూపిన ప్రాచీన గ్రంథాల్లో క్రీడాభిరామం ముఖ్యమైనది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామాన్ని ఆధారం చేసుకొని వెలసిన ఈ వీథి, అంటే కొద్దిపాటి పాత్రల సంభాషణతో నడిచే ఏకాంక రూపకం, వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధి పొందింది. కర్తృత్వాన్ని శ్రీనాథునికి ఆపాదించిన పండితులూ ఉన్నారు. కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల్లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు తిరుగుతూ ఉండగా భోజనం ప్రస్తావన వస్తుంది. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక రూక చెల్లించిన వారికి కప్పురభోగి అనే మేలురకపు బియ్యంతో వండిన అన్నం, గోధుమపిండి వంట, పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్ళు, గడ్డపెరుగు దొరుకుతాయని కవి వివరించాడు.

ఈ జాబితాను రుచుల వర్ణనగా మాత్రమే చదివితే అందులోని ఆర్థిక సూత్రం చేజారిపోతుంది. పంచదార గుప్పెడని, నంజుళ్ళు నాలుగైదని లెక్క చెప్పిన కవి అన్నానికి మాత్రం ఏ కొలతా చెప్పలేదు. వెల విస్తరి మొత్తానికి ఒకటే. ఖరీదైన పదార్థాలకు పరిమితి ఉంది, కడుపు నింపే పదార్థానికి లేదు. తరువాతి శతాబ్దాల్లో పూటకూళ్ళ ఇల్లు, భోజన హోటలు, మెస్ అని పేర్లు ఎన్ని మారినా, తెలుగువారు బయటి భోజనం గిట్టుబాటును ఈ ఒప్పందాన్ని బట్టే తూచుతూ వచ్చారు.

పూటకు ఇంత అని సొమ్ము తీసుకొని అన్నం పెట్టే ఇల్లు పూటకూళ్ళ ఇల్లు. ఆ వృత్తికి సమాజంలో ఉన్న గౌరవం తక్కువ. ఆపత్కాలంలో వైశ్యవృత్తిని ఆశ్రయించిన బ్రాహ్మణుడు అమ్మకూడని వాటిలో వండిన అన్నాన్ని కూడా మనుస్మృతి పదో అధ్యాయం చేర్చింది. అన్నదానాన్ని పుణ్యాల్లోకెల్లా గొప్పదిగా ఎంచిన సంస్కృతి అన్నవిక్రయాన్ని చిన్నచూపు చూడడంలో ఆశ్చర్యం లేదు. అయినా ఊరుగాని ఊళ్ళో మడి, ఎంగిలి పట్టింపులు వదలని బాటసారికి తన ఆచారానికి సరిపడే వంట కావాలి, ఆస్తిలో హక్కు లేక, పునర్వివాహానికి దారి లేక మిగిలిపోయిన బ్రాహ్మణ వితంతువుకు బతుకుతెరువు కావాలి కనుక, ఈ రెండు అవసరాలూ కలిసిన చోట పూటకూళ్ళ ఇల్లు నిలదొక్కుకుంది. 1892లో తొలిసారి ప్రదర్శితమై 1897లో అచ్చయిన గురజాడ అప్పారావు కన్యాశుల్కంలో విజయనగరపు పూటకూళ్ళమ్మకు వృత్తినామమే తప్ప సొంతపేరు లేదు. ఊరందరికీ వండి పెట్టే మనిషికి ఊరు ఇచ్చిన స్థానం ఏమిటో ఆ ఒక్క విషయం చాలినంతగా చెబుతుంది.

సత్రాలు ఈ కథకు రెండో పార్శ్వం. దాతల భూముల ఆదాయంతో నడిచే సత్రంలోనూ, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ వంటివారి ఇళ్ళలోనూ వచ్చినవారికి ఉచితంగా అన్నం దొరికేది. డబ్బు తీసుకొనే ఇల్లు ఈ ఉచిత భోజనం పక్కనే మనుగడ సాగించవలసి వచ్చింది కాబట్టి, అక్కడ తిన్నవారు కూడా అన్నాన్ని పూర్తిగా సరుకుగా చూడలేదు. మారు అడిగితే ముఖం చిట్లించే హోటలుకు ఇప్పటికీ చెడ్డపేరు రావడానికి ఈ నేపథ్యమే ప్రధాన కారణమని భావించవచ్చు.

రైలుమార్గాలు, జిల్లా కోర్టులు, కళాశాలలు వచ్చి బాటసారి స్థానంలో గుమాస్తా, కక్షిదారు, విద్యార్థి చేరడంతో బయటి భోజనం ఒకటి రెండు పూటల అవసరంగా కాక నెలల తరబడి సాగే అలవాటుగా మారింది. నెల సొమ్ము ముందే కట్టి, పూటకొక టికెట్టు చింపి ఇచ్చి తినే మెస్ పద్ధతి ఈ అవసరం నుంచే స్థిరపడింది. ఉడుపి ప్రాంతం నుంచి వలస వచ్చిన వంటవారు దక్షిణాది పట్టణాలన్నిటా హోటళ్ళు తెరిచారు. వారిలో ఒకరైన కె. కృష్ణారావు 1938లో మద్రాసులో స్థాపించిన వుడ్‌లాండ్స్ ప్రసిద్ధం. మాంసాహారం వడ్డించే చోట్లకు మిలిటరీ హోటలు అనే పేరు స్థిరపడింది.

అయితే డబ్బు ఉన్న ప్రతివారికీ ఈ బంతిలో చోటు దొరికేది కాదు. బ్రాహ్మణ భోజన హోటలు అన్న బోర్డు వంటవాడి కులాన్ని తెలపడమే గాక, అనేకచోట్ల తినేవారి కులాన్నీ నిర్ణయించేది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణలో దుకాణాలతో పాటు హోటళ్ళను, భోజనశాలలను పేరుపేరునా ప్రస్తావించి, మతం, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదని శాసించింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఆ నిరాకరణను శిక్షార్హం చేసింది. ఆ తరువాత కూడా పల్లెటూళ్ళ టీ హోటళ్ళలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాల పాటు కొనసాగడం తెలుగు భోజనశాల చరిత్రలో చెరగని మచ్చ. ఒక పూట భోజనం విలువను లెక్కగట్టేటప్పుడు రుచి, వెల మాత్రమే చూసి ఎవరు ఎక్కడ కూర్చోగలిగారన్నది విడిచిపెట్టిన చరిత్ర సగం చరిత్రే.

ఫుల్ మీల్స్ అనే మాట ఒక నిర్ణీత వెలకు అన్నం, పప్పు, సాంబారు, చారు మారు మారు వడ్డించే ఏర్పాటును సూచిస్తుంది. కొస ఎడమచేతి వైపుకు వచ్చేలా అరిటాకు పరుస్తారు. తినేవారు దానిపై నీళ్ళు చిలకరించి తుడిచేలోగా ఉప్పు, పచ్చడి, వేపుడు, కూర వచ్చి చేరతాయి. తరువాత వేడి అన్నం మీద కందిపొడి, ఆ పొడిలో గుంట చేసిన చోట చెంచాడు నెయ్యి పడతాయి. కందిపొడి ముద్ద తరువాత పప్పు, ఆపైన సాంబారు లేదా పులుసు, చారు, చివర పెరుగు అనే క్రమంలో భోజనం సాగుతుంది. బియ్యంతో, చింతపండుతో, కందిపప్పుతో తయారయ్యేవి ఎన్నిసార్లు అడిగినా వస్తాయి, నెయ్యి చెంచాతోనే వస్తుంది, పెరుగు చాలాచోట్ల కప్పుతో సరి. మితంగా తినే ఉద్యోగి చెల్లించే వెలలో కొంత భాగం, మూడుసార్లు అన్నం పెట్టించుకొనే విద్యార్థి విస్తరిని భరిస్తుంది. అందరూ ఒకే వెల చెల్లించి ఎవరి ఆకలి కొద్దీ వారు తినడంలో ఉన్న ఈ సర్దుబాటు ఏ యజమానీ గోడ మీద రాయకపోయినా ఫుల్ మీల్స్‌కు ప్రాణం.

ఈ సర్దుబాటు నిలవడం వంటశాల నేర్పు మీద ఆధారపడుతుంది. పాతబియ్యానికి ఒదుగు ఎక్కువ, అంటే అదే కొలతకు ఎక్కువ అన్నం అవుతుంది, మెతుకు విడివిడిగా ఉంటుంది. కొత్తబియ్యం ముద్దగట్టి తినేవారినీ యజమానినీ కూడా నిరాశపరుస్తుంది. బాపట్ల పరిశోధన కేంద్రం రూపొందించగా 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబమసూరి, సన్నబియ్యపు అన్నాన్ని సామాన్యుడి హోటలుకు తేవడంలో గణనీయమైన పాత్ర వహించింది. పచ్చడి, పొడి బాగా కుదిరిన చోట కూర కొంచెమైనా లోటు తెలియదు. కాబట్టి అనుభవజ్ఞులు హోటలును పనీరు కూరతోనో మిఠాయితోనో కాక, చారుతో, పచ్చడితో, అన్నం మెతుకుతో తూచుతారు, అది సరైన తూకం కూడా. ఏ మూలా దాచడానికి వీలులేని చారులో నిన్నటి మిగులు ఇట్టే బయటపడుతుంది.

ప్లేట్ మీల్స్, లిమిటెడ్ మీల్స్ అనేవి ఈ ఒప్పందాన్ని తలకిందులు చేశాయి. గిన్నెల్లో కొలిచి పెట్టిన కూరలతో పాటు అన్నమూ కొలతకే వస్తుంది, మరికాస్త కావాలంటే విడిగా చెల్లించాలి. ఒంటరిగా, తక్కువ సమయంలో, మితంగా తినేవారికి ఇందులో న్యాయం ఉంది. ఒళ్ళు వంచి పనిచేసి వచ్చే హమాలీకి మాత్రం ఇది కచ్చితంగా నష్టం. ఇంట్లో అన్నం వండుకొని కూర, పప్పు, సాంబారు పొట్లాలుగా కొనుక్కుపోయే కర్రీ పాయింట్ మరో దారి తొక్కింది: అన్నం భారాన్ని కొనేవారికే వదిలి, శ్రమ ఎక్కువైన వాటిని మాత్రమే అమ్మింది. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే కుటుంబాలకు, గదుల్లో ఉండే విద్యార్థులకు ఇది చేసిన మేలు చిన్నది కాదు.

వెలపట్టికలో లేని భారాలు బిల్లులో చేరడం ఇటీవలి పరిణామం. 2017 నవంబరు 15 నుంచి సాధారణ భోజనశాలల బిల్లుపై 5 శాతం జీఎస్టీ వర్తిస్తోంది, ఇది చట్టం విధించిన పన్ను. సర్వీస్ ఛార్జి మాత్రం పన్ను కాదు. దాన్ని తప్పనిసరిగా వసూలు చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. వెల ముందే తెలియడం భోజనం గిట్టుబాటులో మొదటి షరతు అయినప్పుడు, తిన్న తరువాత తెలిసే రుసుము ఎంత చిన్నదైనా అన్యాయమే.

2014లో హైదరాబాద్ నగరపాలక సంస్థ అన్నపూర్ణ పేరుతో ప్రారంభించిన కేంద్రాలు, ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలై మధ్యలో నిలిచిపోయి 2024 ఆగస్టులో తిరిగి తెరుచుకున్న అన్న క్యాంటీన్లు 5 రూపాయలకు భోజనం అందిస్తున్నాయి. ఇక్కడా అన్నం కొలతకే దొరుకుతుంది, అయితే అది లాభం కోసం చేసిన కోత కాదు; అసలు ఖర్చులో అధికభాగాన్ని ప్రజాధనమో విరాళాలో భరిస్తున్నందువల్ల ఆ కొలత ఎక్కువమందికి అందడానికి పెట్టినది. హైదరాబాద్ కేంద్రాల్లో తొలినాళ్ళలో పళ్ళెం చేతబట్టుకొని రోడ్డు పక్కన నిలబడి తినవలసి వచ్చేది. తరువాత కొన్నిచోట్ల బల్లలు, కుర్చీలు వేయించారు. కూలికి వచ్చినవారూ, ఆసుపత్రి దగ్గర రోగికి తోడున్నవారూ కూర్చొని తినగలిగే ఆ ఏర్పాటు మిగిలిన కేంద్రాలన్నిటికీ చేరవలసి ఉంది.