స్వర్ణ సబ్‌-1 (ముంపును తట్టుకునే వరి)

పైరు రెండు వారాల దాకా పూర్తిగా నీట మునిగినా చావకుండా, నీరు తీశాక మళ్లీ చిగురించే వరి వంగడం స్వర్ణ సబ్‌-1. మన దేశంలో 2009లో సాగుకు విడుదలైంది. భూమి వేడెక్కే కొద్దీ కుండపోత వానలు పెరుగుతాయనీ, సముద్రమట్టం పెరిగి డెల్టాల్లో ముంపు నీరు దిగడం ఆలస్యమవుతుందనీ శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్న కాలంలో పల్లపు పొలాల రైతుకు దొరికిన గట్టి ఆసరా ఇది.

దీని చరిత్ర ప్రయోగశాలలో మొదలు కాలేదు. ఒడిశా రైతులు ముంపు పొలాల్లో తరతరాలుగా నిలుపుకొన్న ధళపుటియా అనే నాటు రకం నుంచి ఎఫ్‌ఆర్‌ 13ఎ అనే వరిని ఎంపిక చేశారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన దగ్గరున్న వేల రకాలను పరీక్షించినప్పుడు, 1970ల నాటికే ఇది ముంపుకు నిలిచే మేలైన రకంగా తేలింది. దాన్ని అధిక దిగుబడి రకాలతో సంకరపరచి కొన్ని వంగడాలు తెచ్చారు. అవి వరదకు నిలిచాయి గానీ దిగుబడి, గింజ నాణ్యత రైతులకు నచ్చలేదు. అందులో రైతుల తప్పేమీ లేదు. వరద రాని ఏడు నష్టం తెచ్చే విత్తనాన్ని ఎవరు వేస్తారు?

చిక్కుముడి వీడింది అమెరికాలో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌ ప్రాంగణంలో కెనాంగ్‌ షు, డేవిడ్‌ మెకిల్‌ ముంపును తట్టుకునే గుణానికి మూలమైన భాగం తొమ్మిదో క్రోమోజోమ్‌ మీద ఉందని 1996లో గుర్తించి, సబ్‌-1 అని పేరు పెట్టారు. పదేళ్ల తర్వాత, 2006లో, పమేలా రొనాల్డ్, జూలియా బెయిలీ-సెరెస్‌ తదితరులతో కలిసి అసలు జన్యువు సబ్‌-1ఎను పట్టుకున్నారు. మామూలు వరి మునగగానే గాలి కోసం కాండాన్ని పొడుగ్గా సాగదీస్తుంది. ఆ తంటాలో దాచుకున్న చక్కెరలన్నీ ఖర్చయిపోయి, నీరు తీశాక సోలిపోయి కుళ్లుతుంది. సబ్‌-1ఎ ఉన్న మొక్క ఆ సాగుడును ఆపుకుని, ఊపిరి బిగపట్టిన ఈతగాడిలా ఉన్న శక్తితో గడుపుతుంది.

ఇక కావలసింది ఆ జన్యువును రైతులు ఇష్టపడే వరిలోకి చేర్చడం. ఎంచుకున్నది మన మార్టేరు బిడ్డను. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో వశిష్ఠ, మసూరి రకాలను కలిపి తీసిన స్వర్ణ (ఎంటీయూ 7029) 1982లో విడుదలై గోదావరి సార్వా పొలాల నుంచి ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్‌ మీదుగా బంగ్లాదేశ్‌ దాకా పాకింది. నత్రజని తక్కువ వేసినా మంచి దిగుబడినిస్తుంది. జన్యు గుర్తుల సాయంతో, తరం తరానికి మొక్కలను పరీక్షించి, మళ్లీ మళ్లీ స్వర్ణతోనే సంకరపరచడం వల్ల సబ్‌-1 ముక్క ఒక్కటి చేరి మిగతాదంతా దాదాపు స్వర్ణగానే నిలిచింది. ఫిలిప్పీన్స్‌లో జరిగిన ఈ పనిని వివరించిన 2007 నాటి పరిశోధన పత్రానికి మొదటి రచయిత సి.ఎన్‌. నీరజ. ఇది జన్యుమార్పిడి పంట కాదు, సాధారణ సంకరమే. అందుకే అనుమతుల చిక్కులు లేకుండా త్వరగా పొలానికి చేరింది. బంగ్లాదేశ్‌లో 2010లో విడుదలైంది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి (బీపీటీ 5204)లోకీ ఈ జన్యువును చేర్చారు.

నా దృష్టిలో ఈ చరిత్రలో అంతే విలువైన ఘట్టం ఆ తర్వాతది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణ ఆర్థికవేత్తలు అలెన్‌ డి జాన్వ్రీ, ఎలిజబెత్‌ సాదూలె, కైల్‌ ఎమెరిక్‌, వరి సంస్థకు చెందిన మంజూర్‌ దార్‌తో కలిసి ఒడిశాలోని 128 గ్రామాల్లో దీని ఫలితాన్ని కొలిచారు. లాటరీ పద్ధతిలో ఎంపికైన రైతులకు చిన్న విత్తన సంచులిచ్చారు. పది రోజులు మునిగిన పొలాల్లో స్వర్ణ కన్నా దిగుబడి సుమారు 45 శాతం ఎక్కువ వచ్చింది, మునగని చోట తగ్గలేదు. ముంపు భూములు ఎక్కువగా షెడ్యూల్డ్‌ కులాల వారి చేతిలో ఉన్నందున వారికే లాభం ఎక్కువన్నది 2013లో వెలువడిన మాట. వరద భయం తగ్గిన రైతు ఎరువు ఎక్కువ వేశాడు, ఎక్కువ విస్తీర్ణం సాగుచేశాడు, వెదజల్లడం మాని నాట్లకు మళ్లాడు అని వీరి 2016 నాటి పరిశీలన చెప్పింది. ఒక విత్తనం ధైర్యాన్ని కూడా పెంచుతుందని లెక్కలతో చూపడం చిన్న పని కాదు.

హద్దులూ ఉన్నాయి. నెలల తరబడి నీరు నిలిచే చోట, ఉప్పునీరు చేరే చోట సబ్‌-1 ఒక్కటే చాలదు. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి (బీపీటీ 5204)లోకీ ఈ జన్యువును చేర్చారు. విత్తిన వెంటనే మునిగితే మొలక రాకపోవడం వేరే సమస్య. నేరుగా విత్తే పద్ధతి పెరుగుతున్న పొలాలకు ఇది ముఖ్యం. నీట మునిగినా మొలకెత్తడానికి ఉపకరించే జన్యువును మయన్మార్‌ నాటు రకం ఖావ్‌ హ్లాన్‌ ఆన్‌లో శాస్త్రవేత్తలు గుర్తించి 2015లో ప్రకటించారు.