సూళ్లూరుపేట మిషను: దేవాలయ నిర్మాణమునకు ద్రవ్యము సమకూడిన విధము

కాళంగి నది యొడ్డున, చెంగాళమ్మ యాలయముచే ప్రసిద్ధి కెక్కిన సూళ్లూరుపేటను నేటివారు శ్రీహరికోటకు ద్వారముగానే ఎరుగుదురు. 2022లో జరిగిన విభజనమున ఈ యూరు తిరుపతి జిల్లాలో చేరినది గాని, మేము విచారింపనున్న కాలమున నెల్లూరు మండలములోనిదే. 1865లో ఇచ్చట జర్మను లూథరను మిషను ఒకటి వెలసెను. అది హెర్మన్స్‌బర్గు మిషను. దాని మతబోధను గూర్చి వ్రాసినవారు కలరు. దాని కట్టడములకు డబ్బు ఎవరిచ్చిరన్న ప్రశ్నను మాత్రము తెలుగున ఎవరును నిలిచి విచారించినట్లు మాకు కానరాలేదు. ప్రశ్న చిన్నదిగా తోచును గాని, ఒక సంఘము ఎవరిదన్న వివాదమెల్ల దీనిపైననే ఆధారపడియున్నది.

హెర్మన్స్‌బర్గు పట్టణము కాదు. హనోవరు రాజ్యమున, లూనెబర్గు బీడుభూములలో ఒక పల్లె. ఇసుకనేల, తేనెటీగలు, గొర్రెలు, రైగోధుమ: ఇవియే అచ్చటి సంపద. ఆ పల్లె పాదిరియైన లుడ్విగ్ హార్మ్సు 1849లో మిషను పాఠశాలను స్థాపించి, రైతుబిడ్డలను, చేతిపనివారలను స్వచ్ఛందముగా దూరదేశములకు బోవువారినిగా తీర్చెను. ధనవంతుల వాకిళ్లకు బోయి చందా లడుగుట ఆయనకు సమ్మతము కాదు. 1853లో కండాకె యను ఓడను హార్బర్గు రేవున కట్టించినప్పుడు ఆ సీమ రైతులు ధాన్యమును, స్త్రీలు తాము కుట్టిన వస్త్రములను తెచ్చి యిచ్చిరి. 1854 నుండి వెలువడిన మిషను పత్రిక వెలయు ఈ కార్యమునకే వినియోగమాయెను. కావున సూళ్లూరుపేటకు వచ్చిన సొమ్ము రాజుల బొక్కసమునుండి వచ్చినది కాదు. ఒక పేదపల్లె వేరొక పేదపల్లెకు పంపినది. మన పెద్దలు “దొరల డబ్బు” అని ఒక్కమాటతో త్రోసివేయుట ఈ విషయమున సరికాదని మా యభిప్రాయము.

హార్మ్సు పంపగా వచ్చిన అగస్టు మీలియసు ఈ దేశమునకు క్రొత్తవాడు కాడు. పూర్వము లైప్జిగు మిషను పక్షమున తమిళదేశమున పనిచేసినవాడు. నెల్లూరున అమెరికను బాప్తిస్తులు 1840 నుండి పాతుకొనియుండిరి. దక్షిణమున చెన్నపట్టణమున అనేక సంఘములుండెను. నడుమ మిగిలిన తెలుగుసీమయే జర్మనుల పాలబడినది. సూళ్లూరుపేటనుండి నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, రాపూరు, కాళహస్తి, తిరుపతి మొదలగు తావులకు ఆ మిషను వ్యాపించెను.

ఇక మన పక్షమున వ్యయమెట్లు జరిగినది? ఇచ్చటనే చరిత్రకారునకు చిక్కు. మిషను నివేదికలు ఐరోపాలో చదువబడుటకై వ్రాయబడినవి. నాణెమై వచ్చినది అందు లెక్కకెక్కును. నాణెము కానిది ఎక్కదు. ఆంధ్రదేశపు మాలపల్లెలలో, మాదిగపల్లెలలో నాటి కూలి చాలవరకు గింజల రూపముననే ముట్టుచుండెను. పాలేరు చేతికి రూపాయి వచ్చుట యరుదు. పల్లెలలోని తొలి ప్రార్థనాలయములు మట్టిగోడల మీద తాటాకు కప్పిన పాకలు. వారమంతయు బడి, ఆదివారమున గుడి. మట్టి త్రొక్కినవారు, ఆకు కోసినవారు, నీరు మోసినవారు ఆ పల్లెవారే. ఈ శ్రమకు వెలకట్టి “స్థానిక విరాళము” అను పద్దున చేర్చినచో లెక్కల రూపమే మారిపోవును.

శ్రమకు తోడు పిడికెడు బియ్యమను ఆచారమొకటి తెలుగు సంఘములన్నిట ప్రబలెను. ఇల్లాలు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయును. వారాంతమున ఆ కుండ గుడికి చేరును. కోతపండుగనాడు గుమ్మడికాయలు, కోళ్లు, ధాన్యము కానుకలుగా వచ్చి, అచ్చటనే వేలమున అమ్ముడుపోవును. పూటకు చాలని బియ్యమునుండి పిడికెడు తీయుట ఎట్టిదో, చాలినంత తిన్నవారికి తెలియుట కష్టము.

ఈ సందర్భమున ఒక నిందను పరిశీలింపవలెను. 1876-78 నాటి క్షామమున ఒంగోలు బాప్తిస్తు మిషనరి జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకమున కొంతభాగమును గుత్తకు గైకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూటికొరకు మతము మారిరని నాడు పలువురనిరి. పని ముగియువరకు క్లౌ ఎవరికిని బాప్తిస్మ మీయలేదన్నది వారు గమనింపలేదు. ఆకలికిని మతాంతరమునకును సంబంధమే లేదని మేమనము. అట్లనుట చరిత్రకు విరుద్ధము. అయినను బియ్యముకొరకే వచ్చినవారు, క్షామము తీరిన పిమ్మట తమ కుండలోని బియ్యమును ఎందులకు తీసియిచ్చిరో నిందవేసినవారు చెప్పవలసియున్నది.

1914లో ఐరోపా యుద్ధము ప్రారంభమై ఈ ప్రశ్నను మిక్కిలి కఠినముగా పరీక్షించెను. జర్మనీనుండి ద్రవ్యము నిలిచిపోయెను. జర్మను మిషనరీలు శత్రుదేశీయులుగా నిర్బంధింపబడి పంపివేయబడిరి. 1912లోనే కోడూరు, పుత్తూరు కేంద్రములను స్వీకరించియున్న అమెరికాలోని ఒహయో లూథరను సినడువారు తక్కిన కేంద్రముల భారమును కూడ వహించిరి. దొరలు లేని ఆ నడిమికాలమున పల్లె సంఘములను నిలిపినవారు తెలుగు ఉపదేశకులే. కట్టడములు పరదేశపు సొమ్ముతోనే నిలిచినవైన, ఆ సొమ్ము ఆగిననాడే సంఘమును కూలవలసినది. కూలలేదు. 1945లో అది దక్షిణాంధ్ర లూథరను సంఘమను పేరున స్వయముగా నిలిచెను.

తెలుగు పేదలు పుచ్చుకొన్నవారు మాత్రమే కారనుటకు ఇంకొక నిదర్శనము కలదు. 1860 నుండి చెన్నపట్టణపు రేవు మీదుగా వేలకొలది తెలుగువారు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు కూలి ఒప్పందములపై పోయిరి. వారికై తెలుగు బాప్తిస్తు స్వదేశ మిషను సంఘము 1903లో జాన్ రంగయ్యను పంపెను. ఆయనను పంపిన సంఘము అమెరికనులది కాదు, తెలుగు విశ్వాసులది. ఆయన కేర్సునీ తేయాకు తోటలలోని కూలీల నడుమ ఆ సంవత్సరముననే తొలి సంఘమును నెలకొల్పెను. కండాకె ఓడలో బయలుదేరిన హెర్మన్స్‌బర్గు రైతుబిడ్డలు మొదట గాలాల దేశము చేరదలచి, ప్రవేశము దొరకక, 1854లో దిగి స్థిరపడినదియు ఈ నేటాలుననే. బీడునేల ఇచ్చిన ధాన్యమును, తెలుగు విశ్వాసుల కానుకలును అర్ధశతాబ్దము తేడాతో ఒకే తీరమును చేరినవి.

రంగయ్య 1915లో మరణించెను. తోటలలోని తెలుగు సంఘములు అంతకు ముందటి యేడే ఏకమై ఒక సమాజముగా ఏర్పడియుండెను. సరిగా ఆ కాలముననే సూళ్లూరుపేట సీమలో జర్మను ద్రవ్యము నిలిచి, ఉపదేశకులు పల్లెల కుండలలోని బియ్యముపైన ఆధారపడుచుండిరి.