టోక్యోలో బోస్ గారి కోడికూర

టోక్యోలో నకామురాయా అనే పాత మిఠాయి కొట్టుంది. సోమా ఐజో, కొక్కో దంపతులు 1901లో ఒక రొట్టెల దుకాణం కొని ప్రారంభించారు. 1904లో క్రీము బన్నుతో పేరొచ్చింది. తరువాత షిన్‌జుకు పేటకు మారారు.

1912లో ఢిల్లీలో వైస్రాయి హార్డింజిపై బాంబు పడిన కేసులో పోలీసులు వెదుకుతున్న రాస్ బిహారీ బోస్ జపాను చేరాడు. బ్రిటిషు వారి ఒత్తిడికి లొంగి జపాను ప్రభుత్వం 1915లో ఆయన్ని దేశం విడిచి పొమ్మంది. దొరికితే ఉరే. సోమా దంపతులు ఆయన్ని దుకాణం వెనుక, చిత్రకారుల కోసం కట్టిన గదిలో దాచారు. భాష రాని పరాయివాడి కోసం అంత తెగింపు! 1918లో తమ కూతురు తోషికోనిచ్చి పెళ్ళి కూడా చేశారు. 1925లో ఆమె చిన్న వయసులోనే కన్నుమూసింది.

1927లో దుకాణంలోనే భోజనశాల తెరిచినప్పుడు బోస్ మన పద్ధతిలో ఎముకలతో కోడికూర వండించాడు. అంతకు ముందు జపానువారికి తెలిసిన కూర ఇంగ్లండు మీదుగా వెళ్ళిన, పిండి కలిపిన చిక్కటి పులుసు. అది పది పన్నెండు సెన్లకే దొరికేది. బోస్ గారి కూర ఎనభై సెన్లు. అయినా జనం ఎగబడ్డారు. షిన్‌జుకులో ఇప్పటికీ ఆ కూర వడ్డిస్తున్నారు.