పాటిదిబ్బలో ఒక అంచైనా మిగలాలి

ఎండాకాలం దుక్కులకు ముందు మా పల్నాట పాటిమన్ను తోలే ట్రాక్టర్లు తిరుగుతాయి. నల్లరేగడి చేల మధ్య బూడిదరంగు దిబ్బ, దానిమీద కుండపెంకులు, గాజుముక్కలు, పగిలిన రోలు కనబడితే అక్కడ ఒకప్పుడు ఊరుండేదన్నమాట. పొయ్యిల బూడిద, పేడ, ఎముకలు, కూలిన మట్టిగోడలు తరాల తరబడి మగ్గిన మన్ను అది. మిరపకు మంచి బలమని రైతులకు ఎప్పటినుంచో తెలుసు.

ఆ ఊరు ఎందుకు పాడుపడిందని పిడుగురాళ్లలో ఎవరినడిగినా పల్నాటి యుద్ధం పేరే చెబుతారు. నాకది ఒప్పుదల కాదు. చెరువు తెగినా, మహమ్మారి సోకినా, తాగేనీరు ఇంకినా ఊళ్లు లేచిపోయేవి. 1832-33 నాటి కరువు ఒక్కటే గుంటూరు జిల్లాలో సుమారు అయిదు లక్షల జనంలో లక్షన్నరకు పైగా పొట్టన పెట్టుకుందని అంచనా. ఏ దిబ్బ కాకతీయుల నాటిదో, ఏది రెడ్డిరాజుల నాటిదో, ఏది ఆ కరువులో ఖాళీ అయిందో పొరల వరసే చెప్పాలి. ఏ పెంకు ఏ లోతున దొరికిందో తెలియకపోతే దాని కాలం తేలదు. పార పడగానే ఆ వరస చెదిరిపోతుంది.

1810ల నాటికి సర్వేయరు మెకంజీ దొర మనుషులు కరణాల దగ్గర కైఫీయతులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు, రాయించారు. గుళ్లు, ఇనాములు, మారిన ప్రభుత్వాల సంగతులు వాటిలో దొరుకుతాయి. కూలివాడి ఇల్లు ఎంతదో, ఏం తిన్నాడో అందులో వెతికితే దొరకదు. నాగార్జునకొండను 1954 నుంచి 1960 దాకా సాగర్ నీళ్లు రాకముందే ముగించాలని తవ్వారు. ఇక్ష్వాకుల విజయపురి కట్టడాలు కొన్నిటిని కొండమీదికీ, అనుపుకీ తరలించారు. అది గొప్ప పని. కానీ మామూలు కాపు ఊరికి అలాంటి భాగ్యం మన దగ్గర అరుదు.

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో వారమ్ పెర్సీ అలాంటి భాగ్యం దక్కిన మామూలు ఊరే. గొర్రెల మేతకోసం రైతులను వెళ్లగొడితే 1500 ప్రాంతంలో పాడుపడింది. బెరెస్‌ఫర్డ్, హర్స్ట్ అనే ఇద్దరు పండితులు 1950 నుంచి నలభై ఏళ్లపాటు వేసవి వేసవికీ అక్కడ తవ్వించారు. ఆ ఊరి తల్లులు బిడ్డలకు ఏడాదిన్నర దాకా పాలిచ్చారని ఎముకల పరీక్షలో తేలింది. మన అవ్వల సంగతి కూడా అలా తెలుసుకోవాలని నాకు ఆశ.

దిబ్బంతా వదిలెయ్యమని ఏ రైతునూ అడగలేను, ఆ మన్ను అతని పంటకు కావాలి. ఒక అంచు నిలువుగా వదిలితే చాలు, పొరలు చదవొచ్చు. తోలకం మొదలవకముందే సర్వే నంబరు రాసుకుని, ఫొటోలు తీసి, బొడ్రాయి కనిపిస్తే కదపకుండా పురావస్తు శాఖకు కబురు పెడదాం.