ఏఐతో కథ రాస్తే పేరు ఎవరిది?

అచ్చంపేట, ఆ చుట్టుపక్కల ఊర్ల నుంచి చూస్తూ, కథలో కవితలో రాయాలనుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ ఎపిసోడ్. ఫోన్‌లో ఏఐని అడిగితే రెండు నిమిషాల్లో కథ వచ్చేస్తుంది. దాని కింద మన పేరు పెట్టుకోవచ్చా? ఏఐ కొత్తదే గానీ ఈ ప్రశ్న కొత్తది కాదు. రచనలో ఎవరి చెయ్యి ఎంత ఉంది, పేరు ఎవరిది ఉండాలి అన్నది మన సాహిత్యంలో వెయ్యేళ్ల నాటి సంగతి.

ముందు నన్నయ దగ్గరికి వెళ్దాం. 11వ శతాబ్దం, రాజరాజనరేంద్రుడి కాలం. మహాభారతాన్ని తెలుగులో రాసేటప్పుడు నన్నయకు నారాయణభట్టు అనే పండితుడు సాయం చేశాడు. యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు ఎట్లనో, ఈ పనిలో నాకు ఇతను అట్లా అని నన్నయ కావ్యం మొదట్లోనే చెప్పాడు. సాయం తీసుకున్నానని చెప్పినందుకు ఆదికవి గౌరవం ఏమన్నా తగ్గిందా? లేదు కదా.

తర్వాత ఎర్రన. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన భాగాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తిచేశాడు. నన్నయ పద్ధతిలోనే రాసి, నన్నయ లాగే రాజరాజనరేంద్రుడికి అంకితమిచ్చాడు. అంటే ఇంకొకరి శైలిలో రాశాడు. కానీ పూర్తిచేసింది తానేనని చివర్లో చెప్పాడు. చూడండి, అనుకరించడం ఒకటి, దాచిపెట్టడం ఇంకొకటి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అచ్చంపేట ఉన్న నాగర్‌కర్నూల్ జిల్లాలోనే నంది వడ్డెమాన్ ఉంది. ఒకప్పటి వర్ధమానపురం అదే. కాకతీయుల సామంతులైన గోన వంశం అక్కడి నుంచి పాలించింది. ఆ వంశంలోని గోన బుద్దారెడ్డి 13వ శతాబ్దంలో రామాయణాన్ని ద్విపదలో చెప్పాడు. తండ్రి విఠలనాథుడి పేరు మీద రాస్తున్నట్టు కావ్యంలో ఉంది. జనంలోకి మాత్రం అది రంగనాథ రామాయణంగా వెళ్లింది. రంగనాథుడనే కవి రాశాడని కొందరు, కాదు బుద్దారెడ్డే అని కొందరు, పండితులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. పేరు దగ్గర తికమక వస్తే అది వందల ఏళ్లు పోదు.

పేరు విలువ బాగా తెలిసిన ఇంకో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. ఎవరి పద్యం వాళ్ల పేరు మీదనే అచ్చయింది.

ఏఐ దీనికి తలకిందులు. లెక్కలేనన్ని పుస్తకాలు, వెబ్ పేజీలతో దాన్ని తయారుచేస్తారు. కానీ ఏ మాట ఎవరి దగ్గర నేర్చుకుందో అది చెప్పలేదు. అడగకుండా మా పుస్తకాలు వాడుకున్నారని అమెరికాలో రచయితలు 2023లో కోర్టులకు వెళ్లారు. ఇంకో ముచ్చట: నెట్‌లోకి ఎక్కని సంగతి దానికి తెలియదు. నల్లమల గురించి, చెంచుల గురించి తెలియనిది కూడా తెలిసినట్టే చెప్పేస్తుంది. అది నమ్మి మీరు రాస్తే ఆ తప్పు ఏఐది కాదు, మీదే.

మరి వాడొద్దా? వాడొచ్చు. జపాన్ రచయిత్రి రియే కుదాన్‌కు 2024 జనవరిలో అకుతగావా బహుమతి వచ్చింది. నవలలో సుమారు 5 శాతం చాట్‌జీపీటీ ఇచ్చిన మాటలేనని ఆమే బయటికి చెప్పింది. దాని మీద పెద్ద చర్చే జరిగింది. అయినా పాఠకుడికి విషయం తెలిసింది, నచ్చాలో వద్దో అతనే తేల్చుకున్నాడు.

కాబట్టి అక్షరదోషాలు చూపించమనండి, ఆలోచనల మీద వాదించమనండి. బతికున్న రచయిత శైలిలో రాయించి మీ పేరు పెట్టుకోకండి. పోటీకి పంపేముందు వాళ్ల నియమాలు చదవండి. ఏఐ వాక్యాలు ఉంచితే, ఎంత, ఎక్కడ అన్నది ఒక్క లైన్‌లో చెప్పండి. నన్నయ చెప్పుకున్నాడు, మనకేం నామోషీ? మీ కథలో ఎవరి సాయం ఉందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.