ఇంటి కథ, దఫ్తరు కాగితము

హైదరాబాదు నగరములో కార్వాన్ చేరువన గుడిమల్కాపూర్ అనే పేట ఉన్నది. నేడు ఆ పేరు వినగానే నగరవాసులకు పూలమార్కెట్టు జ్ఞాపకమునకు వస్తుంది. కాని పేరులోనే గుడి ఉన్నది. ఎత్తైన గోపురముతో వేంకటేశ్వరస్వామి ఆలయమును, దానికి చేరువనే ఒక మసీదును అక్కడ చూడవచ్చును. రెండింటికీ ఝాంసింగ్ పేరే నిలిచినది. ఆయన 1803 నుండి 1829 వరకు రాజ్యమేలిన మూడవ నిజాము సికందర్ జా ఆశ్విక సైన్యములో అధికారి. ఆలయము సుమారు 1810 నాటిదని ప్రతీతి. ఒకే మనిషి పేర గుడియు, మసీదుయు ఎందుకు వెలసినవని అడిగితే పేటలో ఒకటికి రెండు కథలు వినిపిస్తాయి.

ఇటువంటి కథ లేని ఇల్లు మన దేశములో అరుదు. పాత కుటుంబముల పెద్దలు మాతో ముచ్చటించునప్పుడు తరచుగా అనే మాట ఒకటున్నది: మా ముత్తాత నిజాము కొలువులో పెద్ద హోదాలో ఉండేవాడు అని. సికందర్ జా కాలముననే పేష్కారుగా రాజ్యవ్యవహారములు నడిపిన మహారాజా చందూలాల్ వంశమువారు సైతము అక్బరు పాదుషా మంత్రి తోడరమల్లు తమ పూర్వికుడని చెప్పుకొనేవారు. ఇట్టి కథలను యథాతథముగా నమ్మవలెనా, పుక్కిటి పురాణములని తోసివేయవలెనా? రెండూ తొందరపాటే అని మా అభిప్రాయము.

కథను ముందు విడదీయవలెను. పేరు, ఉద్యోగము, ఏలిక, ఊరు, కట్టడము: ఇవి పరీక్షకు నిలిచే అంశములు. స్వప్నములు, శాపములు, వరములు పరీక్షకు లొంగవు. అయినను వాటిని పారవేయరాదు. ఆ ఇంటివారు దేనిని గౌరవముగా ఎంచినారో, దేనికి భయపడినారో అవి చెప్తాయి.

తరువాత తరములను లెక్కించవలెను. తరమునకు 25 నుండి 30 ఏండ్లని ఉజ్జాయింపు. 1810 నుండి నేటికి ఏడెనిమిది తరములు గడచినవి. ఆనాటి పురుషునికి తాము మునిమనుమలమని ఎవరైనా చెప్పినచో నడుమ మూడు నాలుగు పేర్లు జారిపోయినవని గ్రహింపవచ్చును. మనుమనికి తాత పేరు పెట్టు ఆచారము మనకున్నది. అందువలన ఒకే పేరుగల ఇద్దరు కాలక్రమమున ఒక్కరై, మనుమడు గెలిచిన వ్యాజ్యము తాత ఖాతాలో చేరుతుంది.

వెదకుట ఇంటినుండియే ప్రారంభము కావలెను. తద్దినము పెట్టే ఇండ్లలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రముతో సహా ఏటేటా ఉచ్చరింపబడుతున్నవి. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు కూడా ఆ వరుసలో ఉండుట విశేషము. ఏలయనగా భూమి కాగితములలో స్త్రీల పేర్లు అరుదు. ముస్లిము కుటుంబములలో షజ్రాలు, నికానామాలు ఉంటాయి. కాశీకి, గయకు పోయి వచ్చినవారి పేర్లు అక్కడి పండాల పుస్తకములలో దొరకవచ్చును.

ఇల్లు దాటితే దఫ్తరు. తార్నాకలో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్సులో షాజహాను, ఔరంగజేబుల కాలపు పారసీ పత్రములు లక్షకు పైబడి ఉన్నవి. వాటిలో అర్జ్-ఓ-చెహ్రా అనేవి వినోదకరములు. సైనికుని హాజరు తీసుకొనునప్పుడు అతని పేరు, తండ్రి పేరు, జాతి, ఊరు, మేని చాయ, ముఖముమీది మచ్చలు, గాయముల గుర్తులు వ్రాసుకొనేవారు. గుఱ్ఱమునకు కూడా రంగు, ముద్ర వ్రాసేవారు. ఒకరి బదులు మరొకరు జీతము పుచ్చుకొనకుండుటకై చేసిన ఏర్పాటది. చిత్తరువు లేని సామాన్య సిపాయి ముఖము మూడు వందల యేండ్లు దాటిన తరువాత కూడా మనకు తెలియుచున్నదంటే అది ఆ గుమాస్తా పుణ్యమే.

ఇనాములకు సంబంధించిన కాగితములు మరొక గని. మాన్యము అనుభవించువాడు చనిపోయినప్పుడు వారసులెవరో విచారించి ముంతఖబు అనే నిర్ణయపత్రమును ఇచ్చేవారు. ఆ విచారణలలో వంశవృక్షములు దాఖలయ్యేవి. 1949లో జాగీర్లు రద్దయిన పిమ్మట, 1952లో వచ్చిన అతియాత్ విచారణల చట్టము క్రింద కూడా వారసత్వ విచారణలు సాగినవి. కాని ఇవి వాటాల కొరకు దాఖలైన వృక్షములని మరువరాదు. దాయాదిని తప్పించుటకు ఒక కొమ్మను నరికివేసిన వారుండవచ్చును. కథ గొప్ప కొరకు అబద్ధమాడితే, కాగితము ఆస్తి కొరకు ఆడవచ్చును. అందుచేత ఒకదానితో ఒకటి సరిచూడవలెను. కేరన్ లెనార్డ్ అనే అమెరికా పండితురాలు హైదరాబాదు కాయస్థుల ఇండ్లలోని వంశావళులను, ప్రభుత్వ పత్రములను కలిపి పరిశోధించి 1978లో ప్రకటించిన గ్రంథము ఇందుకు మంచి ఉదాహరణము.

మరి మాన్యములు లేనివారి మాట యేమి? కొలువు చేయనివారికి, భూమి లేనివారికి దఫ్తరులో చోటెక్కడిది? వారిలో అనేకుల చరిత్ర నాలుకలమీద నిలిచినది. పిచ్చకుంట్లవారు రెడ్ల యిండ్లకు వచ్చి గోత్రములు, వంశములు చెప్పేవారు. వారికి వంశరాజులనే పేరు కూడా కలదు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడిగెలవారు కులపురాణములు వినిపించేవారు. చేర్యాల నకాషీలు వ్రాసిన పటములను చూపుతూ కథ చెప్పే వాడుక వీరిలో ఉన్నది. పోషించు ఇండ్లు తగ్గినకొలది ఈ విద్యయు సన్నగిల్లుచున్నది. కాగితము చెదలు పట్టినను ఒక మూల మిగులవచ్చును. వినువారు లేని నోటిమాట చెప్పువానితోనే పోతుంది.

కాబట్టి శ్రోతలకు మా మనవి ఇది. ఇంటిలోని వృద్ధుల వద్ద కూర్చుండి, వారు చెప్పిన కథను చెప్పినట్లే వ్రాసికొనుడు. ఎవరు చెప్పినారో, ఏ తేదీన చెప్పినారో క్రింద వ్రాయుడు. అమ్మమ్మల, నాయనమ్మల పుట్టినిండ్లను తప్పక అడుగుడు. పెట్టె అడుగున ఉన్న ఉర్దూ కాగితమును చదువలేమని పారవేయక, చదువగలవారికి చూపుడు. పూర్వికుడు సేనాధిపతియని తేలకపోవచ్చును. గుఱ్ఱములకు దాణా పెట్టినవాడని తేలవచ్చును. అందులో చిన్నతనమేమియు లేదు. లేని దొరను తాతగా చెప్పుకొనుటకంటె ఉన్న తాతను పేరుపెట్టి తలచుకొనుట మేలు.