బావి మూసేసినా విశ్వాసం మూతపడలేదు: ఒంగోలు తొలి క్రైస్తవులు

ఈ మధ్య నన్ను చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "బ్రదర్, దేవుడు కాపాడతాడని నమ్మాం. మరి నమ్మిన రోజు నుంచే ఇబ్బందులు ఎందుకు మొదలయ్యాయి?" అని. ఇంట్లో అయినవాళ్ళు మాట్లాడరు. ఆఫీసులో ఎగతాళి. ఊళ్ళో శుభకార్యాలకు పిలుపులు ఉండవు. ఈ ప్రశ్నకు ఈరోజు మన తెలుగు నేల చరిత్రలోంచి జవాబు వెతుకుదాం.

ఎర్రగుంట్ల పేరయ్య గారి పేరు మీలో ఎంతమంది విన్నారో తెలియదు. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. ఒక గురువు దగ్గర చేరి, దేవుణ్ణి తెలుసుకోవాలని ఏళ్ళ తరబడి యోగసాధన చేసిన మనిషి. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్ళినప్పుడు సువార్త విన్నారు. 1866లో ఒంగోలులో బాప్తిస్మం తీసుకున్నారు. అదే సంవత్సరం అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలుకు వచ్చి స్థిరపడ్డారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది మాత్రమే. అదే నెలలో క్లౌ దొర పేరయ్య గారి ప్రాంతానికి వెళితే, ఒక చింతతోపులో జనం ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. ఆ ప్రయాణంలో 28 మంది బాప్తిస్మం పొందారు.

వినడానికి బాగుంది కదా! అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది.

కొత్త విశ్వాసులకు మూడు నియమాలు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. మనకు ఇవి చిన్న మాటల్లా అనిపిస్తాయి. ఆనాటి పల్లెలో మాదిగవాడి బతుకు ఎలా ఉండేదో చూడండి. రైతుకు చెప్పులు కుట్టాలి, మోటకు తోలు సంచి కుట్టాలి, జాతరలో డప్పు కొట్టాలి, కరణం మునసబు కబురు పెడితే వెట్టికి పోవాలి. దానికి బదులుగా కళ్ళంలో కాస్త గింజలు. అలాంటి మనిషి "అయ్యా, ఆదివారం రాలేను, జాతరకు డప్పు కొట్టలేను" అన్నాడంటే ఊరి కట్టుబాటునే కాదన్నట్టు. అందుకే ఊరు తిరగబడింది. నీళ్ళు దొరక్కుండా చేశారు. గింజలు ఆపేశారు. బెదిరించారు, కొట్టారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ బావి దగ్గర అద్భుతమేదీ జరగలేదు. ఆకాశం నుంచి అగ్ని దిగిరాలేదు. మరి కాపుదల ఎక్కడుంది?

నాకు అది మూడు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, వాళ్ళు ఒంటరిగా మిగల్లేదు. పేరయ్య గారి లాంటివాళ్ళు పల్లె పల్లెకూ కాలినడకన తిరిగి, దెబ్బలు తిన్న ఇంట్లో కూర్చుని ప్రార్థన చేశారు. రెండు, వాళ్ళు కక్ష పెంచుకోలేదు. మిగతా రోజుల్లో అదే రైతుకు అవే చెప్పులు కుట్టారు. మూడు, కాదన్న పనిని కాదన్నట్టే ఉంచారు. వెన్నెముక వంగకపోవడం కూడా దేవుని కాపుదలే, ప్రియులారా.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. ఆ కరువు విశ్వాసి, అవిశ్వాసి అని చూడలేదు. లెక్కలేనంతమంది చనిపోయారు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు కూలి పని ఇచ్చారు. పల్లెల్లో తిరిగిన బోధకులే అక్కడ మేస్త్రీలు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. సాయం తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య మనకు తెలుసు. దాని వెనక పదేళ్ళపాటు ఊరి వ్యతిరేకతను ఓర్చుకున్నవాళ్ళ సంగతి మర్చిపోతాం.

కాపుదల అనగానే మనకు 91వ కీర్తన గుర్తొస్తుంది. అయితే సువార్తల్లో ఆ కీర్తనను యేసు ప్రభువుకు వినిపించింది ఎవరు? శోధకుడు! దేవాలయ శిఖరం మీంచి దూకు, ఏమీ కాదు అన్నాడు. ప్రభువు దూకలేదు. దేవుణ్ణి నమ్మడం వేరు, దేవుణ్ణి పరీక్షించడం వేరు.

కాబట్టి రేపు ఆఫీసులో ఎవరైనా ఎగతాళి చేస్తే పోట్లాడకండి, దాక్కోకండి. మీ పని నిజాయితీగా చేయండి. ఎవరైనా చేయి చేసుకున్నా, బెదిరించినా మౌనంగా భరించాలని కాదు. సంఘ పెద్దలకు చెప్పండి, చట్టం సాయం తీసుకోండి. మీ సంఘంలో ఎవరికైనా ఈరోజు బావి మూసుకుపోయి ఉంటే, ఈ సాయంత్రమే వాళ్ళింటికి నడిచి వెళ్ళండి. దేవుడు వాళ్ళకు పంపే కాపుదల మీరే కావచ్చు.

ప్రభువు మిమ్మల్ని దీవించును గాక. ఆమెన్.